స్విట్జర్లాండ్‌లో పెద్దవాళ్లు, పిల్లలతో కలిసి ఫాండ్యూ తినడానికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ ఫాండ్యూ అంటే కరిగించిన చీజ్ గిన్నెలో అందరూ బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినడం, కాబట్టి ఎంగిలి సంగతి ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. మేం ఆ పని చేయక ఇబ్బంది పడ్డాం.

కిందటి చలికాలంలో అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు ఆఫీసు ఫ్రెండ్ వాళ్ల కుటుంబంతో కలిపి మొత్తం తొమ్మిది మందిమి ఫ్రిబోర్గ్‌లో ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. పొడవాటి బల్ల, మధ్యలో బర్నర్ల మీద రెండు గిన్నెలు, తలా ఒక పొడుగాటి ఫోర్కు. ఎవరిది ఏదో తెలియడానికి పిడి చివర రంగు ఉంటుంది. నేను మొదటి బ్రెడ్ ముక్క ముంచి తిని మళ్లీ ముంచబోతుంటే అత్తయ్య నా చెయ్యి వైపే చూస్తూ, "అందరూ అదే గిన్నెలోనా? నోట్లో పెట్టుకున్నదే మళ్లీనా?" అన్నారు. నిజానికి పెదవులకు తగలకుండా పళ్లతో లాక్కోవాలి, లేదా ప్లేట్లో వేసుకుని మామూలు ఫోర్కుతో తినాలి. ఇదంతా చెప్పినా ఆవిడ చెయ్యి కదలలేదు. చివరికి వాళ్లిద్దరికీ విడిగా చిన్న గిన్నె చెప్పాం, ఇద్దరుంటే చాలు, ఇస్తారు. మీరు మొదటే అలా అడిగేయండి. ఒక గిన్నెకి నలుగురు మించితే చివర్లో కూర్చున్నవాళ్లకి చెయ్యి అందదు కూడా.

అక్కడ ఎక్కువగా తినేది గ్రుయేర్, వాష్‌రాన్ చీజ్‌లు సగం సగం కలిపింది. అందులో వైట్ వైన్ పోస్తారు, చాలాచోట్ల కిర్ష్ అనే చెర్రీ సారా కూడా. మద్యం వద్దనుకుంటే ఒక్క వాష్‌రాన్‌తోనే చేసే ఫాండ్యూ అడగండి. అది సంప్రదాయంగా నీళ్లతోనే కరిగిస్తారు, బంగాళాదుంపలతో తింటారు, పిల్లలకి అదే నయం. ఇంకోటి, గ్రుయేర్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పక్కా శాకాహారులు ఉంటే ముందే చెప్పండి. నాకు ఆ రోజు తెలియదు, తెలిశాక అత్తయ్యకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

మనిషికి సుమారు 200 గ్రాముల చీజ్ లెక్క, ధర 30 ఫ్రాంకులు అటూ ఇటూ. పిల్లలతో సహా తొమ్మిది మందికీ చెప్పడం మా తెలివితక్కువ పని, ఆరుగురికి చెబితే సరిపోయేది. చల్లటి నీళ్లు తాగితే చీజ్ కడుపులో గడ్డ కడుతుందని అక్కడివాళ్లు వైనో వేడి టీయో తాగుతారు. మామయ్య మాత్రం లీటరు నీళ్లు తాగారు, ఏమీ కాలేదు, కాకపోతే ఆ నీళ్లకీ బిల్లు వేశారు.

ముంచేటప్పుడు అడుగు దాకా తిప్పండి, లేకపోతే మాడుతుంది. బ్రెడ్ గిన్నెలో పడేసుకున్నవాళ్లు అందరికీ డ్రింక్స్ ఇప్పించాలని ఆనవాయితీ. ఫ్రెండ్ వాళ్ల బాబు మూడుసార్లు పడేశాడు, వాడికి ఎనిమిదేళ్లు, కాబట్టి వాళ్ల నాన్నని పట్టుకున్నాం.

చీజ్ అయిపోయిందని లేచిపోకండి. అడుగున బంగారు రంగులో కరకరలాడే పొర మిగులుతుంది, దాన్ని రెలిజియూజ్ అంటారు. వెన్న కాచిన గిన్నెలో అన్నం కలుపుకుని తిన్నవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్య తన గిన్నెలోది మొత్తం తనే గీకి తిన్నారు, మామయ్యకి కూడా పెట్టలేదు.

ఖరీదైన కోటు మాత్రం వేసుకెళ్లకండి, మా జాకెట్లకి పట్టిన చీజ్ వాసన మూడు రోజులు బాల్కనీలో ఆరేసినా పోలేదు.