తగ్గడం వచ్చింది సరే, ఇక తినడం నేర్చుకో

చిన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. 112 కిలోల నుంచి 81కి దిగావు, నవంబర్‌లో గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి, అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా ఒకే రోజు చేసే హాఫ్ ఐరన్‌మ్యాన్ రేసుకి, డబ్బు కట్టేశావు, ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. డబ్బు కట్టాక భయపడటం మన ఇంటి ఆనవాయితీలే. స్థలానికి అడ్వాన్స్ ఇచ్చి వచ్చిన రాత్రి మీ నాన్న తెల్లవార్లూ డాబా మీద పచార్లు చేశాడు.

ఫోన్ చెయ్యమన్నావు గానీ, ఫోన్లో మీ పిన్ని మధ్యలో అందుకుని మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల దగ్గరికి వెళ్ళిపోతుంది. అసలు సంగతి అక్కడితో ఆగిపోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నా.

ముందు నేను ఫెయిలైన కథ విను. 2023లో నా మెళ్ళో మెడల్ ఉన్న ఫొటో మన చుట్టాలందరి దగ్గరా ఉంది. అంతకు ముందు ఏడాది కూడా ఈ రేసుకే గోవా వెళ్ళానని, సగంలోనే ఆపేశారని మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికి నేను 108 నుంచి 77కి వచ్చి ఏడాదైంది. ఈత అయింది, సైకిలెక్కాను, 60 కిలోమీటర్ల దాకా బాగానే తొక్కాను. వీపు వెనక జేబులో ఖర్జూరాలు, ఉప్పు రాసి ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఉన్నాయి. మీ పిన్నే చిన్న చిన్న కవర్లలో కట్టి పెట్టింది. చెయ్యి వెనక్కి పోయేది, కవరు తగిలేది, మళ్ళీ హ్యాండిల్ మీదకి వచ్చేసేది. ఆకలి వేస్తేనే ఓర్చుకోవడం మూడేళ్ళపాటు నేర్చుకున్నవాణ్ణి, ఆకలే వెయ్యకుండా తినడం ఏంటి అనిపించేది. 70 దాటాక ఎండలో ఒళ్ళు చల్లబడింది. ముందు పోతున్న సైకిల్ రెండుగా కనిపించింది. ఓ మోస్తరు ఎత్తు ఎక్కలేక దిగి నడిపించాను. సైకిల్ ముగించడానికి మొదలైన దగ్గర్నుంచి 5 గంటల 30 నిమిషాలు గడువు. నేను వచ్చేసరికి 5:36. వాలంటీర్ కుర్రాడొకడు వంగి, నా చీలమండకున్న చిప్ పట్టీ విప్పుతూ "సారీ అంకుల్" అన్నాడు. జేబులో కవర్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. రూముకెళ్ళి ఆ దుంపలన్నీ నిలబడే తినేశాను.

నీకు నేను చెప్పాలనుకున్నదంతా ఇందులోనే ఉంది. నువ్వు 31 కిలోలు తగ్గింది నోరు కట్టుకుని. రాత్రి అన్నం మానేశావు, పెళ్ళిళ్ళలో స్వీటు పక్కన పెట్టావు, ఆకలైతే మంచినీళ్ళు తాగి పడుకున్నావు. ఆ పట్టుదలే నిన్ను ఇక్కడిదాకా తెచ్చింది, కాదనను. ఇప్పుడదే నీకు అడ్డం పడుతుంది. మన ఒంట్లో కండరాల్లోనూ లివర్లోనూ దాచుకున్న గ్లైకోజెన్, అంటే పిండిపదార్థపు నిల్వ, గట్టిగా శ్రమపడితే రెండు గంటలు వస్తుంది, కాస్త అటూ ఇటూ. కొవ్వు ఎంతైనా ఉంటుంది గానీ అది మెల్లగా కాలే కట్టె, ఒక్కదానితో పొయ్యి అందుకోదు. నువ్వు ఉండబోయేది దాదాపు 8 గంటలు. అందుకని సైకిలెక్కిన పావుగంట నుంచి గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఓ మోస్తరు అరటిపండులో 27 గ్రాములు, 30 గ్రాములు కలిపిన డ్రింకు ఒక సీసా, లెక్క దగ్గర దగ్గర సరిపోతుంది. వాచీలో 20 నిమిషాలకొకసారి అలారం పెట్టుకో. మోగితే తినడమే, ఆకలితో పని లేదు. ఇది రేసు రోజు మొదలుపెట్టేది కాదు, ఈ ఆదివారం నుంచే చెయ్యి. పొట్టకి కూడా ట్రైనింగ్ కావాలి. చెయ్యకపోతే గోవాలో టాయిలెట్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పల్లీ చిక్కీ మాత్రం వద్దు. తొక్కుతూ నమలలేం, గొంతుకి అడ్డం పడుతుంది. ఆ ముచ్చట నాకు శంకర్‌పల్లి రోడ్డు మీద తీరింది.

ఇంకో మాట. రేసు అయ్యేదాకా బరువు తగ్గే ప్రయత్నం ఆపెయ్యి. "బాబాయ్, 75కి వస్తే పరుగు తేలికవుతుంది కదా" అన్నావు పోయినసారి. అవుతుంది. కానీ 75కి రావడానికి కడుపు మాడ్చుకుంటూ, వారానికి పది పన్నెండు గంటలు సాధన చేస్తే తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. తర్వాత పాదం ఎముకలో చిన్న పగులు వస్తుంది, లేకపోతే జలుబు పట్టుకుని వదలదు. డిసెంబర్‌లో తగ్గుదువుగాని, ఎవరూ వద్దనరు. తూకం మిషన్ రోజూ ఎక్కకు. అన్నం పెంచిన మొదటి వారమే కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది. అది నీరురా. గ్లైకోజెన్ ఒక గ్రాము నిల్వ ఉండాలంటే దాంతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు చేరతాయి. నాకు ఈ సంగతి తెలియక ఆ వారం మళ్ళీ రాత్రి భోజనం మానేశాను. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్ రోజులో మూడు నాలుగుసార్లుగా తిను. కిలో బరువుకి గ్రామున్నర ప్రొటీన్, అంటే నీకు 120 గ్రాముల పైచిలుకు. ఒక్క పప్పుతో అది రాదు. వారానికి రెండు రోజులు జిమ్‌లో బరువులెత్తు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళావా? నీకు 112 ఉన్నప్పుడు రాసిన బీపీ మాత్ర ఇంకా అదే డోసులో మింగుతున్నావేమో చూసుకో. ఒళ్ళు తగ్గినవాడికి పాత డోసు ఎక్కువై, సైకిల్ దిగగానే కళ్ళు తిరుగుతాయి. టీఎంటీ, ఎకో అనే గుండె పరీక్షలు చేయించు. రక్తంలో ఐరన్, బీ12, విటమిన్ డీ కూడా. మన వంశంలో తాతయ్య గుండె సంగతి నీకు తెలిసిందే, దీంట్లో మొహమాటం వద్దు.

ఇక నీ అసలు భయం ఈత.

నేను పుష్కర ఘాట్ దగ్గర గోదాట్లో ఈదుతూ పెరిగినవాణ్ణి, గజ ఈతగాణ్ణని నా నమ్మకం. హైదరాబాద్‌లో పూల్‌కి వెళితే కోచ్ రెండు లెంగ్తులు చూసి, "సార్, మీరు మునిగిపోకుండా ఉండటం వచ్చినవారు, ఈత రాదు" అన్నాడు. నిజమే. తల నీళ్ళపైన పెట్టి చేతులు కొడుతుంటే నడుము కిందికి దిగిపోతుంది, నీళ్ళని ఈడ్చుకుంటూ పోవాలి. మొహం నీళ్ళలోనే ఉంచి, లోపలే బుడగలు వదిలి, పక్కకి తిరిగి గాలి పీల్చుకోవడం నాకు నాలుగు నెలలు పట్టింది. నీకు పాత అలవాట్లు లేవు కాబట్టి నాకంటే అదృష్టవంతుడివి. 1.9 కిలోమీటర్లంటే మీ 25 మీటర్ల పూల్లో 76 లెంగ్తులు. గడువు గంటా పది నిమిషాలు, అంటే 100 మీటర్లకి 3 నిమిషాల 40 సెకన్లు. నువ్వు ఇప్పటికే రెండున్నరలో ఈదుతున్నావు. వేగం నీకు సమస్య కాదు.

సమస్య ఏంటంటే మిరామార్ బీచ్‌లో కింద నల్ల గీత ఉండదు, గోడ ఉండదు, అడుగు కనిపించదు. పక్కవాడి మడమ నీ కళ్ళజోడుకి తగులుతుంది. మొదటి 200 మీటర్లలో గుండె దడదడలాడి ఊపిరందట్లేదనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది, బయటికి చెప్పరు. అప్పుడు వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ఇరవై లెక్కపెట్టు. కావాలంటే కయాక్ పట్టుకుని ఆగొచ్చు. దాన్ని పట్టుకుని ముందుకు సాగనంతవరకు డిస్‌క్వాలిఫై చెయ్యరు. గుంపుగా ఒకేసారి వదలరు, కొద్దిమంది చొప్పున వదులుతారు కాబట్టి వెనక వరసలో నిలబడు. ఆరేడు చేతులకొకసారి మొసలిలా కళ్ళు మాత్రం పైకి లేపి, దారి చూపడానికి నీళ్ళలో తేలేసిన బోయ్ ఎటుందో చూసుకోవాలి. ఇది పూల్లోనే ప్రాక్టీస్ చెయ్యొచ్చు. అవతలి గట్టు మీద మీ కోచ్ ఎర్ర టవల్ ఎక్కడుందో చూస్తూ ఈదు. చలి నీళ్ళలో వేసుకునే రబ్బరు వెట్‌సూట్ కొనకు. గోవా సముద్రం వెచ్చగా ఉంటుంది, దాంతో పని ఉండదు. సముద్రంలో ప్రాక్టీస్‌కని వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఒక్కడివే దిగుతానన్నావు చూడు, ఆ మాట ఇంకోసారి నా దగ్గర ఎత్తకు. అక్కడ కిందనుంచి లాగేస్తుంది, ఏటా పిల్లలు పోతున్నారు. గోవాకే రెండు రోజులు ముందు వెళ్ళి, నలుగురితో కలిసి దిగు.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను, నువ్వు బాగానే తొక్కుతున్నావు. ఈతకి గంటా ఐదు, బట్టలు మార్చుకోడానికి పది నిమిషాలు పోతే 90 కిలోమీటర్లకి నీకు మిగిలేది నాలుగుంబావు గంటలు. గంటకి 21 కిలోమీటర్ల పైన సాగితే చాలు. నేను తయారయ్యేటప్పుడు చేవెళ్ళ రోడ్డు మీద లారీల పక్కన బితుకుబితుకుమంటూ తొక్కేవాణ్ణి. ఇప్పుడు మీకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, హాయి. కానీ ఎప్పుడూ ఆ నీడలోనే తొక్కకు, గోవాలో కప్పు ఉండదు. పంక్చరైతే ట్యూబ్ మార్చడం ఇంట్లో పదిసార్లు చేసి చూడు, వెనక చక్రం ముఖ్యంగా. హెల్మెట్ పట్టీ పెట్టుకున్నాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగి స్టాండ్‌లో పెట్టాకే విప్పాలి. ముందు పోయేవాడి వెనక గాలి చాటున దూరకూడదు, 12 మీటర్ల ఎడం ఉండాలి. పట్టుబడితే పెనాల్టీ టెంట్‌లో 5 నిమిషాలు నిలబెడతారు.

దిగి పరుగు మొదలుపెడితే కాళ్ళు నీవి కానట్టు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. ఆదివారం రెండు గంటలు తొక్కాక చెప్పులేసుకుని టిఫిన్‌కి పోకుండా, బూట్లేసుకుని 20 నిమిషాలు పరుగెత్తితే ఆ కాళ్ళు అలవాటవుతాయి. 21 కిలోమీటర్లూ పరుగెత్తుతాననే పంతం వద్దు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి కిలోమీటరు నుంచే. నేను 2023లో అలాగే చేశాను. ఎనిమిదిన్నర గంటల గడువుకి 8:11కి గీత దాటాను. మధ్యాహ్నం ఎండ, ఉక్క కలిసి వాయిస్తాయి. ప్రతి వాటర్ స్టేషన్‌లో ఐసు టోపీలో వేసుకో. దాహం లేకపోయినా ఉత్త నీళ్ళు గ్లాసుల మీద గ్లాసులు తాగకు, రక్తంలో సోడియం పడిపోతే అసలుకే మోసం. ఓఆర్ఎస్ కలుపుకో.

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా. బరువు తగ్గినవాళ్ళకి పొట్ట దగ్గర, తొడల లోపల, చంకల్లో చర్మం వదులుగా వేలాడుతుంది కదా. ఉప్పునీళ్ళలో తడిసి, ఏడు గంటలు ఒరుసుకుంటే అక్కడ తోలు లేచిపోతుంది. నాకు మొదటిసారి స్నానం చేస్తుంటే కేక వచ్చింది. ఈతకీ సైకిల్‌కీ పరుగుకీ ఒకటే వేసుకునే ట్రైసూట్ బిగుతుగా పట్టి ఉండేది కొనుక్కో, పొట్ట కనిపిస్తుందని సిగ్గుపడి పెద్ద సైజు తీసుకోకు. ఈతకు ముందే వాజ్‌లైన్ మందంగా పూయి, సైకిలెక్కే ముందు ఇంకోసారి. అక్కడ ఎవడి పొట్ట ఎవడూ చూడడు.

మీ ఆఫీసులో "హాఫా? ఫుల్ కాదా?" అన్నారని నొచ్చుకున్నావు. 1978లో హవాయిలో మొదటిసారి ఫుల్ పెట్టినప్పుడు బయల్దేరింది 15 మంది, ముగించింది 12 మంది. ఆ అడిగినవాణ్ణి ఒకసారి 76 లెంగ్తులు కొట్టి చూపించమను.

రేసు రోజు పొద్దున మూడున్నరకి తినాలి. ఆ టైముకి ఏ హోటల్లోనూ టిఫిన్ ఉండదు. నువ్వు ఇన్నాళ్ళూ ప్రాక్టీస్‌కి ముందు తిన్నదే ఆ రోజూ తినాలి, కొత్తది ఒక్క ముద్ద కూడా వద్దు. నీకు పడేవి ఇడ్లీ, తేనె అన్నావు కదా, మీ పిన్ని కరెంట్ కుక్కర్, ఇడ్లీ రేకులు, పిండి అన్నీ పట్టుకుని తనూ గోవా వస్తానంటోంది. పిండి రైల్లో పులిసి డబ్బా మూత ఎగిరిపోతుందేమోనని నాకు టెన్షన్. ముందు ఆ రూములో ప్లగ్ పాయింట్ ఎక్కడుందో, కుక్కర్ పెట్టుకోనిస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కో.

మీ బాబాయి
రాజమండ్రి