సీఎస్‌ఈ సీటు మాట్లాడాం, మావాడేమో పైప్ ఆర్గాన్లు చేస్తానంటున్నాడు!

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక చెక్కపని. జర్మనీ వెళ్లి పైప్ ఆర్గాన్ల (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద చర్చి వాద్యాల) తయారీ నేర్చుకుంటానంటున్నాడు. మేం మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ-ఏఐ సీటు మాట్లాడాం. వడ్రంగి పనికి అంత దూరం పంపాలా? ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సీటు మాట్లాడేశాక పోలిక అడుగుతున్నారండీ! పెళ్లిళ్లలో ‘మీవాడేం చేస్తున్నాడు’ అంటే ఏం చెప్పాలన్నదే మీ అసలు బెంగ. చాలామంది తల్లిదండ్రులది ఇదే బెంగ. దాని ఖరీదు మాత్రం పిల్లవాడితో కట్టించకండి.

ముందు ఆ సీటు సంగతి. అక్కడ ఏఐ చెప్పేదెవరు? కిందటి బ్యాచ్‌లో ఎందరికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగాలొచ్చాయి? డబ్బు మాట్లాడిన మీరు ఇవి కనుక్కున్నారా? బ్రాంచి పేరు చివర ఏఐ తగిలించినంత మాత్రాన ల్యాబులూ అధ్యాపకులూ పుట్టుకురారు. కోడింగ్ ఇష్టమైన పిల్లలు మామూలు కాలేజీలోనైనా పైకొస్తారు. ఇష్టం లేనివాడు బ్యాక్‌లాగులు మోస్తూ బయటపడి, మళ్లీ అమీర్‌పేటలో ఏదో కోర్సుకు ఫీజు కడతాడు. అందరూ చేరుతున్నారన్నది మీవాడు చేరడానికి కారణం కాదు.

ఇక మీరు వడ్రంగి పని అని తీసిపారేసిన విద్య. గొట్టాల కోసం తగరం, సీసం కరిగించి పొడవాటి బల్ల మీద రేకుగా పోస్తారు. చల్లారాక చిత్రిక పట్టి, అచ్చు చుట్టూ గొట్టంలా వంచి, అతుకు మీద టంకం వేస్తారు. ఆ తర్వాతే అసలు పరీక్ష: గొట్టం నోరు, అంటే స్వరం పలికే చీలిక కోయడం. నోరు మరీ ఎత్తుగా కోస్తే స్వరం మొద్దుబారుతుంది, పలకడానికి ఆలస్యం చేస్తుంది. కోసిన లోహం తిరిగి రాదు కనుక వెంట్రుకవాసి చొప్పున తీస్తూ వినాలి. చెక్కపనిలోనూ అంతే. గొట్టాలకు గాలినందించే గాలిపెట్టె పగిలితే గాలి పక్క అరలోకి చొరబడి, నొక్కని స్వరం కూడా మోగుతుంది. చలికాలంలో చర్చిని ఒక్కసారిగా వేడిచేసినప్పుడు చెక్క ఎండిపోయి ఈ ముప్పు వస్తుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినా మామూలు గొట్టాల శ్రుతి దాదాపు 3 సెంట్లు (అర్ధస్వరంలో నూరోవంతు ఒక సెంటు) ఎక్కుతుంది. లోహపు నాలుకలున్న గొట్టాలు దాంతోపాటు కదలవు, రెంటికీ పొసగదు. మీవాడి ఫిజిక్సు, చెవి, చేయి మూడూ ఇక్కడ పనికొస్తాయి.

చర్చిలు తగ్గితే పని ఉంటుందా అంటారేమో. జర్మనీలో సుమారు 50,000 ఆర్గాన్లున్నాయి. వాటి శుభ్రత, శ్రుతి, మరమ్మతు ఎప్పుడూ ఉండే పనులు. కచేరీ హాళ్లకూ కొత్తవి కడుతున్నారు. 2017లో తెరిచిన హాంబర్గ్ ఎల్బ్‌ఫిల్‌హార్మోనీలో 4,765 గొట్టాల ఆర్గాన్ బాన్ నగరంలోని క్లైస్ సంస్థ కట్టిందే. జర్మనీ ఆర్గాన్ విద్యను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిందీ 2017లోనే.

శిక్షణ మూడున్నరేళ్లు: వర్క్‌షాపులో పని, మధ్యలో లుడ్విగ్స్‌బుర్గ్ ఆస్కార్ వాల్కర్ స్కూల్లో తరగతులు. ట్యూషన్ ఫీజుండదు, వర్క్‌షాపే నెలనెలా భత్యం ఇస్తుంది. అది ఖర్చులకు చాలదనిపిస్తే మిగతా డబ్బు ఉన్నట్టు వీసాకు చూపాలి. ఒప్పందం నేరుగా వర్క్‌షాపుతోనే. ‘సీటు ఇప్పిస్తాం’ అని లక్షలడిగే కన్సల్టెన్సీల గడప తొక్కకండి.

కష్టాలూ వినండి. బి1 స్థాయి, అంటే మధ్యస్థాయి జర్మన్ రావాలి. అమర్చేటప్పుడు వారాల తరబడి ఊళ్లు తిరగాలి, ఎత్తయిన నిచ్చెనలెక్కాలి. సీసం ముట్టాక చేతులు కడగకుండా తినకూడదు. సొంత వర్క్‌షాపు పెట్టాలంటే 2020 నుంచి మైస్టర్ (నిపుణ మేస్త్రి) అర్హత తప్పనిసరి. తిరిగొస్తే మన దగ్గర ఈ పని మీద బతకలేడు. చెన్నై సెయింట్ జార్జ్, కోల్‌కతా సెయింట్ పాల్స్ కెథీడ్రల్ వంటి కొద్దిచోట్లే పైప్ ఆర్గాన్లున్నాయి. జర్మనీలోనే స్థిరపడతాడన్న సంగతికి మీరు ముందే సిద్ధపడండి.

అబ్బాయి చెడిపోడు, ఆకలితో ఉండడు. చేతిలో పని ఉన్నవాడికి ఆ దేశంలో మర్యాద ఉంది. ఈ ఏడాది డొనేషన్ కట్టకండి. జర్మన్ క్లాసులో చేర్పించండి, ఊళ్లో మంచి మేస్త్రి దగ్గర డవ్‌టెయిల్ జాయింట్ (రెండు చెక్కల్ని పళ్లలా కోసి బిగించే అతుకు) నేర్చుకోనివ్వండి. చేసిన వస్తువుల ఫొటోలతో, తనే జర్మన్‌లో రాసిన ఉత్తరాన్ని పదిపదిహేను వర్క్‌షాపులకు పంపమనండి. ముందు వారం రెండు వారాలు పనిచేసి చూడమంటారు, ఒప్పుకోమనండి. ఏడాది తిరిగేసరికి ఎక్కడా ఒప్పందం కుదరకపోతే, ఇంటర్ మార్కులు ఎక్కడికీ పోవు. అప్పుడు మెకానికల్ గురించి మాట్లాడదాం.