టెక్ సందేహాలు: బుడగ మధ్యలోనే ఉన్నా స్టీరింగ్ వణుకుతోందా?

ప్రశ్న: నాది చిన్న కారు, టైర్లు 165/80 ఆర్14. చక్రం ఏ వైపు బరువుగా ఉందో బుడగతో చూపే బబుల్ బ్యాలెన్సర్ తెప్పించుకొని నాలుగు చక్రాలూ ఇంట్లోనే బ్యాలెన్స్ చేసుకున్నాను. బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చింది. అయినా హైదరాబాద్ హైవే ఎక్కి 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. తప్పు నాదా, పరికరానిదా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: బరువు సరిచేయడానికి రిమ్‌కు తగిలించే వెయిట్లన్నీ బయటి వైపే పెట్టారా? ముందు అది చూడండి. ఇంట్లో చేసుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు అదే.

బబుల్ బ్యాలెన్సర్ చక్రాన్ని తిప్పి చూడదు. మేస్త్రీ రసమట్టంలాగే పనిచేస్తుంది. పడుకోబెట్టిన చక్రంలో ఏ వైపు తేలికగా ఉంటే ఆ వైపు పైకి లేస్తుంది, బుడగ అటు పోతుంది. అంతవరకు నమ్మొచ్చు. కానీ రిమ్‌కు వెడల్పు ఉంది. లోపలి అంచున ఒకచోట 20 గ్రాములు, దానికి సరిగ్గా ఎదురుగా బయటి అంచున మరో 20 గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకోండి. పడుకోబెడితే రెండూ సరితూగుతాయి, బుడగ కదలదు. రోడ్డు మీద 100 కి.మీ. వేగంలో మీ సైజు చక్రం సెకనుకు 14, 15 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 20 గ్రాములు ఒక్కోటి దాదాపు 3 కిలోల బలంతో లాగుతుంది. ఒకటి లోపలి అంచును ఇటు లాగితే, ఇంకోటి బయటి అంచును అటు లాగుతుంది. చక్రం కుడిఎడమలకు ఊగి స్టీరింగ్‌ను వణికిస్తుంది. 60లో ఆ బలం కిలోకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే ఊళ్లో తిరిగినప్పుడు తెలియదు.

వెయిటంతా ఒకే అంచుకు పెడితే ఈ రకం లోపాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. 40 గ్రాములు కావాల్సి వస్తే 20 బయటి అంచుకు, 20 అదే కోణంలో లోపలి అంచుకు పెట్టాలి. కోణం తప్పకుండా ఉండటానికి వాల్వును గుర్తుగా పెట్టుకొని సుద్దముక్కతో రెండు వైపులా గీత గీసుకోండి. అల్లాయ్ వీల్‌లో స్టిక్కర్ వెయిట్‌ను అంచుకు కాకుండా స్పోకుల వెనక అతికిస్తారు. అక్కడ రిమ్ మధ్య నుంచి దూరం తక్కువ కాబట్టి బరువు పెంచాలి. అంచు దగ్గర 178 మి.మీ. దూరంలో 30 గ్రాములు సరిపోతే, 155 మి.మీ. దూరంలో 35 కావాలి.

ఇక మళ్లీ మొదటి నుంచి చేయండి. పాత వెయిట్లన్నీ తీసేయండి. గాలి సరిగ్గా పట్టించండి. ట్రెడ్‌లో ఇరుక్కున్న కంకర రాళ్లు ఏరేయండి. రిమ్ లోపలి వైపు ఎండిన మట్టి లేకుండా బ్రష్‌తో కడగండి. నాట్ల కాలంలో ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చే పొలం మట్టి రిమ్ లోపల గారకట్టినట్టు అతుక్కుంటుంది. చాలాసార్లు వణుకుకు కారణం అదొక్కటే, బ్యాలెన్సర్‌తో పనే ఉండదు.

కారు పోర్చ్ నేలను నమ్మకండి. నీళ్లు పోవాలని దాన్ని వాలుగానే వేస్తారు. వంటగట్టు పనిలో మిగిలిన కరీంనగర్ గ్రానైట్ ముక్క ఉంటే దాన్ని మట్టం చేసి, దాని మీద పరికరాన్ని పెట్టి కాళ్ల స్క్రూలతో బుడగను మధ్యకు తెండి. ఫ్యాన్ ఆపండి. చక్రం బయటి ముఖం పైకి ఉండేలా పెట్టండి. అప్పుడు పరికరం మీది కోన్ (శంకువు ఆకారపు ముక్క) చక్రం నడుమ, హబ్ వైపు రంధ్రంలో కూర్చుంటుంది. ఆ రంధ్రం అంచున తుప్పు ఉంటే గీకేయాలి, లేకపోతే చక్రం పక్కకు కూర్చొని తప్పు లెక్క చూపిస్తుంది.

బుడగ ఎటు పోయిందో చూసి, రిమ్ మీద అక్కడ గుర్తు పెట్టండి. చక్రాన్ని ఎత్తి సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. బుడగ మళ్లీ అదే గుర్తు వైపు వస్తే పరికరం సరైనదే. గుర్తును వదిలి మొదట ఉన్న గోడ వైపే పోతే మట్టమో కోనో తేడాగా ఉంది. ఈ పరీక్ష దాటకుండా ఒక్క వెయిట్ కూడా అతికించొద్దు.

గుర్తు దగ్గర వెయిట్లు ఊరికే పెట్టి చూడండి. 20 గ్రాములతో మొదలుపెట్టి 5 చొప్పున పెంచండి. ప్రతిసారీ టైరును వేలితో మెల్లగా తట్టండి, కొన్నిసార్లు పరికరం ఇరుసు పట్టేసి బుడగ మధ్యలోనే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. సరిపోయే తూకం దొరక్కపోతే రెండు 30 గ్రాముల వెయిట్లు పక్కపక్కన పెట్టి, గుర్తుకు రెండు వైపులా సమానంగా దూరం జరుపుతూ పోండి. కలిసి ఉన్నప్పుడు అవి 60 గ్రాముల పని చేస్తాయి, ఒక్కోటి 60 డిగ్రీలు జరిగేసరికి 30 గ్రాముల పనే చేస్తాయి. బుడగ మధ్యకు వచ్చినచోట ఆపండి. ఈ పద్ధతిలో ప్రతి వెయిట్‌లో సగం లోపలి అంచుకు పోవాలి.

60 గ్రాములు దాటినా బుడగ రాకపోతే ఇంకా వెయిట్లు పెంచుకుంటూ పోవద్దు. పంచర్ షాపులో టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పించి మళ్లీ చూడండి. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక వైపు. ఆ చుక్కను వాల్వు పక్కకు తెప్పించాలి.

ఇదంతా చేశాకా వణుకు పోకపోతే ముందు చక్రాలను వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే తప్పు ఆ చక్రాలదే. గుంతలో పడి రిమ్ వంగిందేమో చూడటానికి చక్రాన్ని జాకీ మీద లేపి, ఇటుక మీద పెన్సిల్ ఆనించి, మొన రిమ్ అంచుకు తాకీ తాకకుండా పెట్టి తిప్పండి. సందు స్పష్టంగా పెరిగి తగ్గుతుంటే రిమ్ వంగింది. ఏ బ్యాలెన్సింగూ దాన్ని బాగుచేయదు. రిమ్ బాగుంటే ఆ రెండు చక్రాలను, మిషన్ మీద తిప్పి చూసే కంప్యూటర్ బ్యాలెన్సింగ్‌కు ఇవ్వండి. హైవే మీద తిరిగే కారుకు ముందు చక్రాలను మిషన్ మీద చేయించడమే నా సలహా.

ప్రశ్న: ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంది కదా, బుడగ బదులు ఫోన్‌నే చక్రం మధ్యలో పెడితే?
– రామగుండం

జవాబు: పెట్టొద్దు. ఫోన్ బరువే దాదాపు 200 గ్రాములు. దాని బరువు కేంద్రం చక్రం మధ్య నుంచి 5 మి.మీ. పక్కకు ఉన్నా, రిమ్ అంచున 5, 6 గ్రాముల తేడా పెట్టినట్టే. కింద రాయి మట్టం చూసుకోవడానికి మాత్రం వాడుకోండి.

ఫోన్‌ను ఇంకో పనికి వాడొచ్చు. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ‘ఫైఫాక్స్’ ఉచిత యాప్‌లో త్వరణం స్పెక్ట్రమ్, అంటే వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో చూపే గీత, చూసే వీలుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఫోన్‌ను డ్యాష్‌బోర్డుకు గట్టిగా ఆనించి చూడాలి, నడిపేవాళ్లు ముట్టుకోవద్దు. కి.మీ. వేగాన్ని 3.6తో, ఆ వచ్చినదాన్ని చక్రం చుట్టుకొలతతో భాగించండి. 165/80 ఆర్14కు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు, అంటే 80లో 11.7 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు), 100లో 14.6. గీత అక్కడే లేచి, వేగంతో పాటు జరిగితే చక్రాలనే అనుమానించండి. వేగం అంతే ఉంచి గేరు మారిస్తే గీత చోటు మారితే ఇంజన్ వైపు చూడాలి.

ప్రశ్న: స్టిక్కర్ వెయిట్లు కారు కడిగిన ప్రతిసారీ ఊడిపోతున్నాయి.
– కరీంనగర్

జవాబు: పాత జిగురును కిరోసిన్‌తో తుడిచి, దాని మీదే అతికించి ఉంటారు. కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది. ఆఖరున స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అతికించి, బొటనవేలితో అర నిమిషం గట్టిగా నొక్కండి. ఒక రోజు ప్రెషర్ వాషర్ తగలనీయొద్దు. వెయిట్లు సీసం లోహంతో చేసినవైతే పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఊడినవి పిల్లలకు దొరకనీయకండి.

ప్రశ్న: ఇదే బ్యాలెన్సర్ బైకుకు పనికొస్తుందా?
– ములుగు

జవాబు: బైకు రిమ్ సన్నగా ఉంటుంది కాబట్టి పడుకోబెట్టి చూసే తూకం దానికి చాలు. కానీ బైకు హబ్ రంధ్రం చిన్నది, కారు కోన్ అందులో కూర్చోదు. చక్రాన్ని దాని యాక్సిల్ మీదే రెండు స్టాండ్ల మధ్య స్వేచ్ఛగా తిరగనివ్వండి. బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది, వెయిట్ సరిగ్గా పైన పెట్టాలి. అంతకంటే ముందే చైన్‌నూ బ్రేకునూ విప్పేయాలి, వాటి రాపిడికి చక్రం ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది.