స్పామ్ ఫిల్టర్ పడిపోతే మెయిల్‌ని వదలాలా, పారేయాలా?

పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్) నుంచి వచ్చిన మెయిల్‌ని మీ పైథాన్ స్క్రిప్టు స్పామ్‌సీకి (స్పామ్‌అసాసిన్ ఫిల్టర్‌కి మెయిల్ అందించే చిన్న ప్రోగ్రాం) ఇస్తోంది, ఫిల్టర్ పనిచేయనప్పుడు ఆ మెయిల్‌ని లోపలికి వదలాలా, తిప్పి కొట్టాలా అని అడిగారు. రెండూ వద్దు, ఆపి ఉంచండి. నేను ఆ రెండూ చేసి దెబ్బ తిన్నాను.

అప్పట్లో పనిచేసిన చిన్న కంపెనీలో సపోర్ట్ అడ్రస్‌కి మెయిల్ వస్తే స్క్రిప్టు టికెట్ తెరిచి, "మీ మెయిల్ అందింది" అని జవాబు పంపేది. ఒక శనివారం రాత్రి మెమరీ చాలక స్పామ్‌డీ, అంటే మెయిల్‌ని నిజంగా పరీక్షించే ప్రోగ్రాం, ఆగిపోయింది. స్క్రిప్టుకి ఆ సంగతే తెలీదు. స్పామ్‌డీ దొరక్కపోతే స్పామ్‌సీ గొడవేమీ చేయదు, మెయిల్‌ని వచ్చింది వచ్చినట్టు తిరిగిచ్చేసి 0 అనే ఎగ్జిట్ కోడ్‌తో (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, 0 అంటే అంతా సవ్యం) బయటికొస్తుంది. సోమవారం పొద్దున చూస్తే టికెట్లు కుప్పలు. అవైతే చెరిపేయొచ్చు. కానీ స్పామ్‌లో ఉండే ఫ్రమ్ అడ్రస్‌లు దొంగవి కదా, మా జవాబులన్నీ ఏ పాపం తెలియని వాళ్లకి వెళ్లాయి. మా సర్వర్ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్టుకి (స్పామ్ పంపేవాళ్ల జాబితా) ఎక్కింది. కస్టమర్లకి పంపిన ఇన్‌వాయిస్‌లు తిరిగొస్తుంటే గానీ ఆ ముక్క తెలియలేదు.

స్పామా కాదా అని మాత్రమే చెప్పే మైనస్ సీ (-c) ఆప్షన్ వాడినా ఇదే తంతు. స్పామ్ అయితే 1, కాకపోతే 0, ఫిల్టర్ చచ్చిపడి ఉన్నా 0. అది ప్రింట్ చేసే స్కోరు 0/0 అని ఉంటే మంచి మెయిల్ అని కాదు, అసలు చూడనే లేదని.

ఆ చిరాకులో మైనస్ చిన్న ఎక్స్ (-x) పెట్టాను, లోపం వస్తే లోపమనే చెప్పేలా. ఈసారి స్పామ్‌డీ ఆగినప్పుడు 69 (సర్వీసు అందుబాటులో లేదు) వచ్చింది, స్క్రిప్టు దాన్నే పైకి పంపింది, పోస్ట్‌ఫిక్స్ అసలైన కస్టమర్ల మెయిళ్లని బౌన్స్ చేసేసింది, అంటే పంపినవాళ్లకే తిప్పి పంపేసింది! "కాసేపాగి మళ్లీ ఇవ్వు" అని దానికి అర్థమయ్యేలా చెప్పేది 75. అప్పుడు మెయిల్ క్యూలో ఉంటుంది, సెట్టింగు మార్చకపోతే 5 రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. చిన్న ఎక్స్‌తో పాటు పెద్ద ఎక్స్ (-X) కూడా ఇస్తే స్పామ్‌సీయే ఆ 69ని 75గా మారుస్తుంది.

మీ స్క్రిప్టు సంగతి కూడా చూసుకోండి. పట్టుకోని ఎక్సెప్షన్‌తో పైథాన్ ఆగిపోతే వచ్చేది 1, అదీ బౌన్సే. మొత్తం పనిని ఒక ట్రై (try) బ్లాకులో పెట్టి, ఏం తేడా వచ్చినా లాగ్ రాసి 75తో బయటికి రండి. స్పామ్‌సీని నడిపే సబ్‌ప్రాసెస్‌కి టైమౌట్ (గడువు) మర్చిపోవద్దు, డీఎన్ఎస్ (పేర్లు, అడ్రస్‌లు వెతికిపెట్టే సర్వీసు) నెమ్మదిస్తే స్పామ్‌డీ బతికే ఉండి కూడా నానుస్తుంది.

ఇంకో బొక్క ఉంది. 500 కేబీ దాటిన మెయిల్‌ని స్పామ్‌సీ మామూలుగా చూడదు, అలాగే వదిలేసి 0 ఇస్తుంది, చిన్న ఎక్స్ ఉన్నా సరే. అందుకే ఎగ్జిట్ కోడ్ ఒక్కటే నమ్మను. తిరిగొచ్చిన మెయిల్‌లో ఫిల్టర్ తన తీర్పు రాసే ఎక్స్-స్పామ్-స్టేటస్ హెడర్ ఉందో లేదో చూస్తాను. అయితే స్పామ్‌సీకి ఇచ్చే ముందే పాత ఎక్స్-స్పామ్ హెడర్లన్నీ పీకేయాలి, లేకపోతే పంపినవాడు ముందే "స్పామ్ కాదు" అని రాసి పంపిన హెడర్‌ని మీరు ఫిల్టర్ తీర్పు అనుకుంటారు. హెడర్ లేని పెద్ద మెయిల్‌కి 75 ఇచ్చి లాభం లేదు, ఎన్నిసార్లు తిరిగొచ్చినా దాని సైజు తగ్గదు. మా దగ్గర అలాంటివి వేరే ఫోల్డర్‌కి పోతాయి, ఆటో జవాబు వెళ్లదు, పొద్దున్నే ఎవరో ఒకరం తెరిచి చూస్తాం.