ఆర్డర్ లేని బిల్లు, చేయని ఉద్యోగం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. బిస్కెట్ల కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌ని. నెలాఖరు వచ్చేసరికి మా ఏరియా మేనేజర్ ఫోన్ చేసి, టార్గెట్‌కి ఎంత తగ్గితే అంత సరుకూ డిస్ట్రిబ్యూటర్ల మీద బిల్లు వేసెయ్యమంటారు. వాళ్లు ఆర్డర్ ఇవ్వరు, కానీ వాళ్ల లాగిన్లు మా దగ్గరే ఉంటాయి. వచ్చే నెల రిటర్న్ తీసుకుందాం అంటారు. ఒక్కోసారి బండి కూడా కదలదు, అంతా కాగితం మీదే. నన్ను తమ్ముడూ అని పిలిచే డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఉన్నారు, ఆయన గోడౌన్‌లో డేటు అయిపోయిన కార్టన్లు చూస్తే రాత్రి నిద్ర పట్టడం లేదు. హోమ్ లోన్ ఉంది, పాపను ఈ ఏడాదే స్కూల్లో వేశాం. అందరూ చేసేదే కదా అని సర్దుకోవాలా?
– పేరు వద్దు, రాజమండ్రి

జవాబు: అందరూ చేసేదే అన్నది నిజమే, కాదనను. ఇలాంటి కంపెనీలోనే నేను పదకొండేళ్లు అకౌంట్స్ చూశాను. 31వ తారీఖు రాత్రి పడ్డ బిల్లుల్నీ, 4వ తారీఖున సరుకు వెనక్కి తీసుకున్నట్టు పడ్డ క్రెడిట్ నోట్లనీ పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పకుండానే కథంతా తెలిసిపోయేది. తెలిసీ నేను నోరు మెదపలేదు, అదీ మీకు చెప్పాలి కదా.

మీ ఉత్తరంలో రెండు వేరువేరు పనులున్నాయి, కలిపేసి రాశారు. సరుకు నిజంగా పంపి అడగని మనిషి నెత్తిన రుద్దడం ఒకటి. దాంట్లో డబ్బు ఇరుక్కునేది ఆయనది, వడ్డీ కట్టేది ఆయన, ఎక్స్‌పైరీ క్లెయిమ్ కోసం మీ ఆఫీసు చుట్టూ తిరిగేదీ ఆయనే. రెండోది బండి కదలకుండా బిల్లు కొట్టడం. ఇది టార్గెట్ గొడవ కాదు బాబూ, సరుకు ఇవ్వకుండా ఇన్‌వాయిస్ ఇస్తే జీఎస్టీ చట్టం కిందే తప్పు, పెనాల్టీ 10,000 రూపాయల నుంచి మొదలవుతుంది, పన్ను అంతకంటే ఎక్కువైతే ఆ పన్నంత. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు ఏ లాగిన్ నుంచి ఆర్డర్ పడిందని చూస్తారు, ఆ లాగిన్ ఎవరి చేతిలో ఉందని అడుగుతారు. మీ మేనేజర్ ఫోన్‌లోనే ఎందుకు చెప్తాడో, మెయిల్ ఎందుకు పెట్టడో ఇప్పటికైనా అర్థమైందా?

వచ్చే నెల సర్దేద్దాం అన్న మాటకి మన హైదరాబాద్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం గుర్తుందా, మొదట చిన్న తేడాగా ఉన్నదే ఏళ్ల తరబడి పెరిగిపోయిందనీ, పులి మీద స్వారీలా అయిపోయిందనీ ఆయనే రాశారు. లేకపోయినా ఉన్నట్టు లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లని అందులో ఉంది. మీది ఒక జిల్లా బిస్కెట్ల లెక్క, దానితో పోలికేంటి అంటారేమో, సైజులోనే తేడా, పని మాత్రం అదే.

ఏం చేయాలంటే, ముందు ఆ లాగిన్లు వెనక్కిచ్చేయండి. పాస్‌వర్డ్ మార్చుకో అన్నా అని ఆ డిస్ట్రిబ్యూటర్లకి చెప్పండి, ఇందులో మీరు ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. ఇకమీదట ఆర్డర్ వాట్సాప్‌లో వస్తేనే బిల్లు. మేనేజర్ ఫోన్ చేస్తే, పెట్టేశాక మెయిల్ కొట్టండి, 'మీరు ఫోన్‌లో చెప్పిన 40 కేసులకి డిస్ట్రిబ్యూటర్ ఆర్డర్ ఇవ్వలేదు కాబట్టి వేయలేదు' అని రెండు ముక్కలు, అంతకు మించి ఏమీ రాయకండి. మీది షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే కంపెనీల చట్టం 2013 ప్రకారం ఉద్యోగులు అక్రమాల మీద ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు (విజిల్ మెకానిజం అంటారు) పెట్టి తీరాలి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే చెప్పుకోవచ్చు. ఇదంతా చేస్తే ఉద్యోగానికి ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. ఇంక్రిమెంట్ పోవచ్చు, దూరంగా బదిలీ చేయొచ్చు. అందుకే ఈ నెల నుంచే వేరే కంపెనీల్లో కూడా అడుగుతూ ఉండండి. మీ లైన్‌లో డిస్ట్రిబ్యూటర్ల నమ్మకమున్న మనిషికి పని దొరక్కపోదు.

ప్రశ్న: మేడమ్, బీటెక్ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉండి, చివరికి అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి డబ్బులు కట్టి మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నాను. జాబ్ వచ్చింది. ఎనిమిది నెలలుగా బాగానే చేస్తున్నాను, లీడ్ కూడా మెచ్చుకుంటారు. ఇప్పుడు పాతవాళ్లందరికీ మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటున్నారు. టెన్షన్‌తో తిండి సహించడం లేదు.
– ఒక అమ్మాయి, హైదరాబాద్

జవాబు: తిట్టడానికి నాకు మనసు రావడం లేదమ్మా, ఫ్రెషర్ అనగానే తలుపేసే కంపెనీల పాపం కూడా ఇందులో ఉంది. కానీ ఆ సీటుకి నిజంగా మూడేళ్లు పనిచేసిన ఇంకో అమ్మాయి కూడా వచ్చి ఉంటుంది, ఆమె సంగతి కూడా కాస్త ఆలోచించు.

దొరకదులే అనుకోకు. యూఏఎన్ అనే నీ పీఎఫ్ నంబర్ కొట్టి చూస్తే ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో తేదీలతో సహా కనిపిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నకిలీ పత్రం తయారుచేయడమే కాదు, దాన్ని అసలుదిగా వాడటం కూడా నేరమే. భయంలో కన్సల్టెన్సీ వాడి దగ్గరికి వెళ్లి ఇంకో లెటర్, ఇంకో పేస్లిప్ మాత్రం తెచ్చుకోకు, వాడు ఇచ్చేస్తాడు, దానికి మళ్లీ డబ్బులు లాగుతాడు. అలాగని ఏడుస్తూ హెచ్‌ఆర్‌కి పెద్ద మెయిల్ కూడా రాసెయ్యకు, ముందు ఒక లాయర్‌తో గంట మాట్లాడు. నన్నడిగితే నోటీస్ ఇచ్చి మర్యాదగా బయటికొచ్చెయ్. తర్వాత రెజ్యూమేలో ఈ ఎనిమిది నెలలే పెట్టు, ఆ మూడేళ్లు తీసెయ్. జీతం తగ్గుతుంది, తప్పదు.

ప్రశ్న: సొంతింట్లో నాన్నగారితోనే ఉంటాను. ఆయనకి అద్దె కడుతున్నట్టు రసీదులు పెట్టి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు తీసుకోవచ్చని మా టీమ్‌లో అంటున్నారు. తప్పా?
– వరంగల్

జవాబు: ఇల్లు ఆయన పేరున ఉండి, నిజంగా నెలనెలా ఆయన ఖాతాలో వేస్తూ, దాన్ని ఆయన తన రిటర్న్‌లో ఆదాయంగా చూపిస్తే తప్పు లేదు. ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ నంబర్ ఇవ్వాలి. రూపాయి కూడా కదలకుండా రసీదు మాత్రమే రాసుకుంటే అది దొంగ లెక్క, దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు పెనాల్టీ పడొచ్చు. అసలు మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నారేమో ముందు చూసుకోండి, అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, ఆ రసీదులన్నీ ఊరికే రాసినట్టే.