మార్కులు వచ్చాయి, చదువు రాలేదు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇష్టపడి భౌతికశాస్త్రం తీసుకున్నాను, మొదటి సంవత్సరం మార్కులు బాగానే వచ్చాయి. పరీక్షలయిన మూడు వారాలకు మా తమ్ముడు నీళ్ల గ్లాసులో పెన్సిల్ పెట్టి, అది విరిగినట్టు ఎందుకు కనిపిస్తోందని అడిగితే వక్రీభవనానికి నిర్వచనం గడగడా అప్పజెప్పాను గాని, వాడు మళ్లీ ‘ఎందుకు?’ అనేసరికి నోట మాట రాలేదు. నోట్సు రాసుకోవడం, బట్టీపట్టడం, పరీక్షలో దింపేయడం తప్ప ఇక్కడ ఇంకేమీ లేదు. చదువు మానేస్తానన్నాను. అప్పటి నుంచి నాన్నగారు నాతో మాట్లాడడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో పెన్సిల్ సంగతి దగ్గర కాసేపు ఆగిపోయాను. మంచి మార్కులు తెచ్చుకున్నవారిలో చాలామందికి ఇలాంటి ఘడియ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఎక్కువమంది తమ్ముణ్ణి కసిరి పంపేసి ఆ సంగతి మరచిపోతారు. మీరు మరచిపోలేకపోయారు కనుక, మీ విసుగును బద్ధకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. అయితే అందులో రెండు ఫిర్యాదులు చిక్కుపడి ఉన్నాయి, వాటిని విడదీయకముందే నిర్ణయానికి రావద్దు.

మొదటిది వ్యవస్థ మీద మీకున్న ఫిర్యాదు, అది న్యాయమైనదే. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం (దేశంలో డబ్బు చలామణిని అదుపులో ఉంచే పద్ధతి) గురించి చేసిన పరిశీలన తర్వాత చదువులకూ అతికినట్టు సరిపోయింది: ఒక కొలతనే లక్ష్యంగా చేసుకుంటే అది కొలతగా పనికిరాకుండా పోతుంది. నేర్చుకున్నదానికి గుర్తుగా పుట్టిన మార్కు, చివరికి నేర్చుకోవడాన్నే పక్కకు నెట్టి కూర్చుంది. విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, తమ పని మీద వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు, ఆసక్తినీ నిలుపుకున్నారు. మార్కులు మాత్రమే అందుకున్నవారికి ఆ మేలు జరగలేదు, మార్కూ వ్యాఖ్యా కలిపి ఇచ్చినప్పుడూ జరగలేదు. మీరు ఎక్కడ ఎందుకు తప్పారో మీ జవాబు పత్రం దిద్దినవారు ఎప్పుడైనా చెప్పారో లేదో మీరు రాయలేదు గాని, చెప్పి ఉండరనే నా అనుమానం.

రెండోది కొంచెం కటువుగా ఉంటుంది, అది మీరు చదివే తీరు. పరీక్ష ముందు తిరగేసి మర్నాడు దింపేసిన పాఠం మూడు వారాలు నిలవకపోవడంలో వింతేమీ లేదు. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులకు ఒక వ్యాసభాగం ఇచ్చి, కొందరిచేత రెండుసార్లు చదివించారు. మరికొందరిచేత ఒకసారి చదివించి, రెండోసారి చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివినవారిదే పైచేయి అయింది. వారం తిరిగేసరికి మాత్రం వారికి గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవారికి 56 శాతం. పుస్తకం మూసి రాసుకోవడానికి ఏ విశ్వవిద్యాలయమూ అనుమతి ఇవ్వనక్కరలేదు. సిలబస్ మారేదాకా మీరు ఆగనూ అక్కరలేదు.

ఇక నాన్నగారి మౌనం. ‘మానేస్తాను’ అని మీరు అన్నప్పుడు, ఆ చదువు కోసం తాను పడిన శ్రమంతా వృథా అన్నట్టు ఆయనకు వినిపించి ఉంటుంది. వ్యవస్థ మీద ఉపన్యాసంతో ఆయన మనసు మారదు. పెన్సిల్ సంగతి మాకు రాసినట్టే ఆయనకూ చెప్పండి. ఆ రోజు మీకు కలిగిన సిగ్గును దాచకుండా చెప్పండి. తర్వాత ఒక్క సెమిస్టర్ గడువు అడిగి, అప్పటికీ ఇలాగే ఉంటే ఏం చేయాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకుందామని మాట తీసుకోండి. అన్నట్టు, మానేసి ఏం చేస్తారన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన మొదట అడిగేది అదే, అడగడం తప్పు కూడా కాదు. కోర్సు మారడం, వేరే కళాశాలకు బదిలీ కావడం, అనుమతి తీసుకుని కొంతకాలం విరామం తీసుకోవడం వంటి దారులు మీ దగ్గర ఉన్నాయేమో, ఉంటే ఏ షరతుల మీదనో కార్యాలయంలో అడిగి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. చెప్పకుండా తరగతులు ఎగ్గొట్టడం మొదలుపెడితే ఆ దారులూ మూసుకుపోవచ్చు.

ఒకవేళ నిద్ర, ఆకలి వారాల తరబడి చెడి, ఒకప్పుడు ఇష్టమైన పనులేవీ రుచించకుండా పోతే, దాన్ని చదువు మీద విసుగుగా సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవండి.

ఈలోగా తమ్ముణ్ణి మళ్లీ పిలవండి. కాంతి గాలిలో కన్నా నీటిలో నెమ్మదిగా సాగుతుందన్న మాటతో మొదలుపెట్టి, వాడు వేసే ఎందుకుల్లో ఎన్నోదాని దగ్గర ఆగిపోయారో కాగితం మీద రాసుకోండి. అధ్యాపకుల్లో కాస్త ఓపికగా కనిపించేవారు ఒక్కరైనా ఉంటారు. తరగతి అయ్యాక ఆ కాగితంతోనే వారిని కలవండి.