రీలు కెమెరా కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఫిల్మ్ రీలు వేసే పాత మెకానికల్ కెమెరా కొనాలా, బ్యాటరీ సెల్లు మీద నడిచేది కొనాలా అని అడిగావు. "మెకానికల్‌ది ఎన్నాళ్లయినా చెడిపోదండీ" అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకు. చెడిపోతుంది, కాకపోతే ఆ సంగతి బయటికి చెప్పదు. లోపల నూనె గట్టిపడి, రీలు మీదికి వెలుగు వదిలే షట్టర్ తెరుచుకునే 1/30 సెకను కాస్తా 1/15 అయి కూర్చుంటుంది, రీలు కడిగించేదాకా నీకు తెలియదు. ఎలక్ట్రానిక్‌ది ఉన్నన్నాళ్లూ కచ్చితంగా పనిచేసి, ఒకనాడు చప్పున ఆగిపోతుంది. దాని సర్క్యూట్ బోర్డు మళ్లీ దొరకడం కష్టం. పళ్లచక్రాలనైతే శుభ్రం చేసి నూనె వెయ్యగల మెకానిక్కు ఇంకా దొరుకుతాడు.

అందుకే మెకానికల్‌ది కొంటే ముందు షట్టర్ వేగాలు చూడు. లెన్సు తీసి, వెనక తలుపు తెరిచి, వెలుగున్న కిటికీ వైపు పట్టు. ఫోనును సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి షట్టర్‌ను వీడియో తియ్యి. గేటు (రీలు మీద వెలుగు పడే చదరపు కంత) మధ్యలో ఒకే చోట చూపు నిలిపి, వెలుగు కనబడిన ఫ్రేములు లెక్కపెట్టు: 1/30 దగ్గర 8, 1/15 దగ్గర 16 రావాలి. 1/15లో 30 దాటితే బేరం వదిలెయ్, లేదా సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమను. 1/1000ను ఫోను కొలవలేదు. అక్కడ కంటితోనే చూడు, గేటు ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్ తెరలు సమంగా పరుగెత్తడం లేదన్నమాట. గుడ్డ తెర అయితే చీకటి గదిలో టార్చి వేసి చిల్లులు కూడా చూడు. సెల్ఫ్ టైమర్ మీట మాత్రం ముట్టుకోకు. పాతవాటిలో అది సగంలో ఇరుక్కుంటే కెమెరా మొత్తం బిగుసుకుంటుంది.

తలుపు అంచుల్లో నల్ల ఫోమ్ జిగురైపోయి ఉంటే భయపడకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో గీకి, మడతబందు దగ్గర 2 మి.మీ. ఫోమ్, సన్న గాడుల్లో నల్ల ఊలు దారం పెడితే చాలు. ఆ జిగురు షట్టర్ మీద పడనివ్వకు.

సెల్లు సంగతి. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎంలలో సెల్లు వెలుగు కొలిచే లైట్ మీటరుకే, అది లేకపోయినా షట్టర్ పడుతుంది. కె1000 మీటరుకు స్విచ్ లేదు, లెన్సు మూత పెట్టకపోతే సెల్లు కరిగిపోతుంది. 1970ల నాటి ఒలింపస్ ఓఎం-1 మీటరు 1.35 వోల్టుల పాదరసం సెల్లుకు కట్టినది. మామూలు 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. చెవి మిషన్‌కు వాడే 675 సెల్లు దానికి దగ్గరి వోల్టేజీ ఇస్తుంది, అంచున చిన్న రింగు వేస్తే కదలదు. కానన్ ఏఈ-1లో 6 వోల్టుల 4ఎల్ఆర్44 పోతే షట్టరే పడదు, కాబట్టి రెండోది జేబులో ఉండాలి. నొక్కినప్పుడు కీచుమంటే అద్దం తిప్పే చక్రాల నూనె ఎండిపోయినట్టు.

1990 ప్రాంతపు కానన్ ఈఓఎస్‌లు (ఫోకస్ తామే పట్టే ఎలక్ట్రానిక్ కెమెరాలు) చవక, మీటరు నమ్మదగ్గది. కానీ వెనక తలుపు తీసి షట్టర్ రేకులు చూడు. నల్లటి జిడ్డు చారలుంటే లోపలి బంపర్ రబ్బరు కరిగి అంటుకున్నట్టు, ఆ కెమెరా కొనకు. రీలు వేగం (ఐఎస్ఓ, అంటే వెలుగుకు ఎంత చురుకో చెప్పే 100, 400 లాంటి అంకె) ఇవి డబ్బా మీది డీఎక్స్ కోడ్ గళ్లు చూసి తెలుసుకుంటాయి. కోడ్ లేని డబ్బాలో చుట్టిన రీలు వేస్తే ఆ అంకె నువ్వే పెట్టాలి.

నా మాట అడిగితే నేర్చుకోడానికి ఎఫ్ఎం. పెళ్లిలో, పిల్లల వెంట పరుగెత్తడానికి ఈఓఎస్.

మన ఎండకు 400 రీలు వద్దు. నడి ఎండలో లెన్సు రంధ్రం (అపర్చర్) బాగా చిన్నదైన ఎఫ్/16కే షట్టర్ 1/500 అడుగుతుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది), 1/1000 దాటని కెమెరాలో అపర్చర్ ఎఫ్/11కి మించి తెరవలేవు. 100 రీలైతే ఎఫ్/5.6 దాకా వస్తావు.

రీలు ఎక్కించాక లివర్ తిప్పేటప్పుడు ఎడమవైపు నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడు. తిరగకపోతే రీలు స్పూలుకు పట్టలేదు, 36 సార్లు నొక్కినా ఖాళీయే.

మామయ్య